మీ కొండమీద విమానం కూలి ఉంటే: ఊళ్లో సంస్మరణ ఎలా జరపాలి

జనవరి 25 ఉదయం తొమ్మిదింటికి మా స్కూలు పిల్లలు మర్నాటి రిపబ్లిక్ డే డ్రిల్లు కాసేపు ఆపి, గ్రౌండు పక్కనున్న సంస్మరణ రాయి దగ్గర వరసగా నిలబడతారు. ఎనిమిది మంది ఎనిమిది పేర్లు చదువుతారు. విలియం స్వాన్సన్, షెల్డన్ ఛాంబర్స్, ఇర్విన్ జేట్జ్, రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్, చార్లెస్ గిన్, హ్యారీ క్వీన్, జేమ్స్ హిన్సన్, ఆల్ఫ్రెడ్ గెరాన్స్. 1944లో సరిగ్గా ఆ రోజున చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకి వస్తూ, అరుణాచల్‌లో దమ్రో ఊరి పైకొండల్లో కూలిపోయిన అమెరికన్ బి-24 బాంబర్‌లో ఉన్నది వీళ్లే. విమానం పేరు 'హాట్ యాజ్ హెల్'.

మాది విజయనగరం. అరుణాచల్‌లోని సియాంగ్ లోయలో టీచరుగా తొమ్మిదేళ్ల నుంచి ఉంటున్నాను. మా ఊరి పైనున్న అడవిలో కూడా ఒక విమానం పడి ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో, చైనాకి సరుకులు వెళ్లే బర్మా రోడ్డుని జపాన్ సైన్యం 1942లో మూసేశాక ఆ సరుకులన్నీ ఈ కొండల మీదుగానే ఎగరేశారు. ఆ దారినే 'హంప్' అనేవారు. అందులో దాదాపు 600 విమానాలు పోయాయి. చైనాలో ఉన్న బాంబర్లు తమకి కావలసిన పెట్రోలు, బాంబులు కూడా తామే ఇండియాకి వచ్చి మోసుకెళ్లాల్సి వచ్చేది. అందుకే బాంబర్లు కూడా ఈ కొండల్లో రాలాయి. ఇలాంటి శకలాలు మీరున్న ఊళ్లో ఉంటే ఏం చేయాలో, మేం చేసిన దాన్నిబట్టి చెబుతున్నాను.

ముందు పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఇంకే పనీ దీనికంటే ముందు మొదలుపెట్టకండి. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మా అమ్మమ్మ కూడా అంతే. విశాఖపట్నం మీద జపాన్ విమానాలు 1942 ఏప్రిల్ 6న బాంబులు వేశాయని నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆమెకి మాత్రం తేదీతో పనిలేదు. ఎండలో మూటలు నెత్తిన పెట్టుకుని జనం రోడ్డుపట్టి నడిచి వచ్చారని చెప్పేది. కాబట్టి ఆ ఏడు పోడు ఏ వాలు మీద కొట్టారు, వరి కోసేశారా లేదా, చప్పుడు ఎటునుంచి వచ్చింది, మొదట చూసింది వేటకెళ్లినవాళ్లా లేక మిథున్‌ని, అంటే అడవిలో వదిలి పెంచే పశువుని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లా అని అడగండి. మా గావ్ బూఢా, అంటే ఊరిపెద్ద, పదవి గుర్తుగా వేసుకునే తన ఎర్రకోటు విప్పి పక్కన పెట్టి, రెండు సాయంత్రాలు చెప్పాడు. ఆయన చూసింది కాదు, వాళ్ల నాన్న చెప్పింది. ఒక ఇంట్లో ఆ విమానం రేకుతో కొట్టిన గిన్నె ఉంది. దాన్ని అడిగి తీసుకోకండి. ఫొటో తీసుకుని, ఎవరింటిదో రాసుకుంటే చాలు. అది వాళ్ల ఇంటి వస్తువు.

ఊరి సభని ఇక్కడి అదీ తెగవాళ్లు కెబాంగ్ అంటారు. సంస్మరణ గురించి అక్కడ మాట్లాడి ఒప్పుకోలు తీసుకోండి. రాయి ఎక్కడ పెట్టాలో కూడా వాళ్లనే చెప్పనివ్వండి. నాకు స్కూలు గేటు దగ్గర బాగుంటుందనిపించింది. వాళ్లు కొండ కనబడే చోటు చూపించారు. ఇప్పుడు చూస్తే వాళ్లు చెప్పిందే సరైన చోటు.

ఇక విమానం ఏదో తేల్చడం. అమెరికన్ విమానాల తోకమీద ఒక నంబరు ఉంటుంది. హాట్ యాజ్ హెల్ అసలు నంబరు 42-73308. ముందున్న 42 అంటే 1942 సంవత్సరపు ఆర్డరు. తోకమీద రాసేటప్పుడు మొదటి అంకె వదిలేసేవారు కాబట్టి అక్కడ 273308 అని కనబడుతుంది. తోక దొరక్కపోతే ఇంజను మీదా, లోపలి భాగాల మీదా చిన్న లోహపు ప్లేట్లు ఉంటాయి. వాటిమీద అంకెల ఫొటోలు వెలుతురు పక్కనుంచి పడేలా తీయండి, గీతలు కూడా స్పష్టంగా వస్తాయి. ఆ నంబరుతో అమెరికా సైన్యం అప్పట్లో రాసుకున్న గల్లంతు రిపోర్టు వెతికితే సిబ్బంది పేర్లు, సొంత ఊళ్లు వస్తాయి. తేదీని మాత్రమే నమ్ముకోకండి. 1944 జనవరి 25నే ఆ పాడు వాతావరణానికి ఇంకొన్ని విమానాలు కూడా పోయాయి. నేను మొదటి ఏడు ఆ పొరపాటు చేయబోయాను. ఇంటర్నెట్‌లో కనబడిన పేర్లు మా విమానానివే అనుకుని చెక్కేవాడికి ఇచ్చేశాను. రాయి మొదలుపెట్టే ముందురోజు రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టక, ఫోన్ చేసి ఆపించాను. మా విమానం నంబరు ఇప్పటికీ దొరకలేదు. అందుకని రాయిమీద పేర్ల చోటు ఖాళీగా ఉంచాం. అది తేలేదాకా దమ్రో విమానంవాళ్ల పేర్లే చదువుతున్నాం.

శకలాల దగ్గర ఏమీ కదపకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. పేలని తూటాలు, బాంబులు ఉండొచ్చు. పిల్లల్ని అక్కడికి అసలు తీసుకెళ్లకండి. ఎముక కనబడినా, బూటు కనబడినా, అలాగే వదిలేసి పోలీసులకీ డిప్యూటీ కమిషనర్ (మన దగ్గర కలెక్టర్ లాంటివారు) ఆఫీసుకీ రాసివ్వండి. హాట్ యాజ్ హెల్‌ని 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ స్థానికుల సాయంతో చేరుకుని గుర్తించాడు. సిబ్బంది బంధువులు ఏళ్లతరబడి అడిగితే 2015లో అమెరికా సైన్యం వాళ్లు తవ్వారు. దొరికినవి 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి ఇంటికి వెళ్లాయి. వాటివల్ల గుర్తుపట్టిన రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌ని 2017 జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో, సొంతవాళ్ల మధ్య సమాధి చేశారు. పోయిన 73 ఏళ్లకి. దారినపోయే వాళ్లెవరో జ్ఞాపకంగా ఒక ఎముక జేబులో వేసుకుని ఉంటే ఆ కుటుంబానికి ఏం మిగిలేది?

రాయిమీద రాత రెండు భాషల్లో ఉండాలి. మేం ఇంగ్లీషులోనూ, రోమన్ లిపిలో అదీ భాషలోనూ రాయించాం. మతం గుర్తు అలవాటుగా వేయించకండి. అమెరికన్లు కదా అని శిలువ చెక్కిస్తారు చాలామంది. కానీ ఇర్విన్ జేట్జ్ యూదు కుటుంబంవాడు. మా ఊళ్లో సగం మంది చర్చికి వెళతారు, మిగతావాళ్లు దోన్యీ పోలోని, అంటే సూర్యచంద్రుల్ని కొలుస్తారు. ఏ గుర్తూ లేకపోతేనే అందరూ దగ్గరికి వస్తారు. కింద ఒక వరసలో, విమానాన్ని మొదట చూసిన మా ఊరివాళ్ల మాట కూడా చేర్చండి.

కార్యక్రమం పొద్దునే పెట్టుకోండి. జనవరిలో ఇక్కడ ఐదింటికల్లా చీకటి పడిపోతుంది, పక్క ఊళ్ల నుంచి వచ్చిన ముసలివాళ్లు వెనక్కి నడవాలి. ఉపన్యాసాలు వద్దు. పేర్లు, ఒక పెద్దాయన చెప్పే కథ, రెండు నిమిషాల మౌనం, తర్వాత టీ. బయటివాళ్లని పిలిస్తే ముందే చెప్పండి: వేరే రాష్ట్రాల మనవాళ్లకి అరుణాచల్‌లోకి రావడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, విదేశీయులకి వేరే పర్మిట్. వాళ్లు పాసీఘాట్ మీదుగా వస్తే 2023 నవంబరులో తెరిచిన హంప్ మ్యూజియం చూసి రమ్మనండి. ఈ కొండల్లో దొరికిన విమానాల భాగాలు అక్కడ ఉన్నాయి.

పేర్లు చదివే పిల్లలకి చీటీలు పదిరోజుల ముందే ఇవ్వండి. పలకడం నేర్పడానికి అంత టైమూ పడుతుంది, గెరాన్స్ దగ్గర అందరూ తడబడతారు. ఒకసారి ఒక పేరు చదివిన పిల్లలు మరుసటేడు కూడా అదే పేరు కావాలంటారు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి నాలుగేళ్లుగా హ్యారీ క్వీన్ పేరే చదువుతోంది. వేరేవాళ్లకి ఇవ్వబోతే ఒప్పుకోలేదు. ఆ చీటీ ఆమెకే వదిలేశాను.