ఓబ్రా డిన్ ఆడేటప్పుడు, తూచేటప్పుడు

లూకాస్ పోప్ 2018లో విడుదల చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ అనే పజిల్ వీడియో గేమ్‌లో పని ఒక్కటే: ఓడలోని 60 మందిలో ఎవరు ఎవరో, ఏమయ్యారో పుస్తకంలో నింపడం. తొందరపడి పేర్లు రాయకండి. ముందు దొరికిన జ్ఞాపకాలన్నీ, అంటే ఒక్కొక్కరు చనిపోయిన క్షణాన్ని ఆట చూపించే దృశ్యాలన్నీ, చూసేయండి. పుస్తకంలోని బొమ్మలో ముఖం మసకగా ఉంటే సరిపడా ఆధారాలు ఇంకా మీ చేతికి రాలేదని అర్థం, దాన్ని వదిలేయండి. ముఖం కింద త్రికోణాలు ఎంత కష్టమో చెబుతాయి. ఒక్కటే ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి.

చనిపోయినవాణ్ణి చూసి ఊరుకోకండి, చుట్టూ తిరగండి. నావికులు పడుకునే ఊయలలకు నంబర్లు కట్టి ఉంటాయి. ఆ నంబరు సిబ్బంది జాబితాలోదే. దుప్పటి కింద నుంచి కనిపించే చెప్పులు కూడా సాక్ష్యమే! యాస వినాలి కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

ముగ్గురి వివరాలు సరిగ్గా పడితేనే ఆట వాటిని ఖాయం చేస్తుంది. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు: రెండు కచ్చితంగా తెలిసినవి పెట్టి, మూడోదాన్ని ఊహతో వరసగా మార్చుకుంటూ పోతారు. ఆట ముగుస్తుంది కానీ మజా పోతుంది.

ఏ పజిల్ గేమ్‌నైనా తూచడానికి నా కొలత ఇది: జవాబు తెలిశాక “అరె, ఇది కళ్ల ముందే ఉందే” అనిపించాలి. “ఇదెలా తెలుస్తుంది?” అనిపిస్తే తప్పు ఆటదే. ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, 2 గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి అడగొచ్చు. అందుకే మొదటి గంటన్నరలోనే తేల్చుకోండి.