బలూచ్ తివాచీని ముందు బోర్లా తిప్పండి

బలూచ్ తివాచీ చేతికొస్తే నేను ముందు బొమ్మ చూడను, బోర్లా తిప్పేస్తాను. పైవైపు ఎన్ని కబుర్లైనా చెబుతుంది. వెనకవైపు మాత్రం ముడి ముడికీ లెక్క అప్పజెబుతుంది.

పేరు చూసి బలూచిస్తాన్ సరుకే అనుకోకండి. వీటిలో ఎక్కువ భాగం ఈశాన్య ఇరాన్‌లోని ఖొరాసాన్‌లో, సీస్తాన్‌లో, పడమటి అఫ్గానిస్తాన్‌లో హెరాత్, ఫరా చుట్టుపక్కల నేసినవే. నేసేది ఆడవాళ్లు. మగ్గం నేలమీదే, మేకులు కొట్టి బిగించేది. గుడారం ఎత్తేస్తే నేత సగంలో ఉన్నా చుట్టేసి పశువు మీదికి ఎక్కించాలి. అందుకే చిన్న చిన్నవే ఎక్కువ: నమాజు తివాచీలు, ఖోర్జిన్ అనే జోడు సంచులు, బాలిష్త్ అనే దిండు గలీబులు.

వెనకవైపు మొదట పడుగు, అంటే నిలువు దారాలు చూడండి. పాతవాటిలో పడుగూ, అడ్డంగా నడిచే పేకా రెండూ ఉన్నే. పత్తి పడుగు కనిపిస్తే సాధారణంగా తర్వాతి కాలపుది. అంచులకు తరచూ ముదురు మేకవెంట్రుక చుట్టి ఉంటుంది, వేలికి గరుగ్గా తగులుతుంది.

ఇక పైవైపు నూగు, అంటే ముడుల నుంచి పైకి లేచిన పోగుల కొసలు, విడదీసి ముడి చూడాలి. ఎక్కువగా పర్షియన్ ముడే: పోగు ఒక పడుగు దారాన్ని పూర్తిగా చుట్టి, పక్కదాని వెనక నుంచి ఊరికే దూరి పైకొస్తుంది. రెండు దారాలనూ చుట్టే టర్కీ ముడి కూడా కొన్ని తెగల్లో ఉంది. అది తెలియక, నకిలీ అనుకుని ఒక మంచి దాన్ని వదిలేసుకున్నాను. ఇప్పటికీ కడుపు రగులుతుంది.

విడదీసిన చోటే రంగు కూడా చూసేయండి. పోగు మొదలు దగ్గర గులాబీ మెరుస్తూ, కొస బూడిదరంగుకు తిరిగితే అది తొలినాటి రసాయన రంగు. తడి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందో లేదో కూడా చూసుకోండి. ఒకే నీలం మధ్యలో చారలా మారితే మాత్రం కంగారు పడొద్దు. ఉన్నిని కొంచెం కొంచెంగా రంగులో ముంచేవాళ్లు, ఏ విడతకు ఆ విడతే.

నాకు ప్రాణం నల్లగోధుమ రంగు. అందులో ఇనుము కలుస్తుంది, అది ఏళ్లతరబడి ఉన్నిని కొరికేస్తుంది. నా దగ్గరున్న ఒంటెరంగు నమాజు తివాచీలో గోధుమ గీతలన్నీ అరిగి లోపలికి పోయాయి, వాటి మధ్య ఎర్రటి ఆకులు ఉబ్బెత్తుగా నిలిచాయి. కళ్లు మూసుకుని వేలు పోనిచ్చినా ఆకు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఈ అరుగుదలనే కత్తెరతో తయారుచేసే ఘనులూ ఉన్నారు. లోతు మరీ సమంగా ఉంటే అనుమానించండి.

హెలికాప్టర్లు, ట్యాంకులు కనిపిస్తే అవి 1979లో సోవియట్ సేన అఫ్గానిస్తాన్‌లోకి దిగాక మొదలైన యుద్ధ తివాచీలు. వాటి కథ వేరు.

చివరగా పొడవునా నిమరండి. నూగు ఎటు వాలి నున్నగా జారితే అటే నేత మొదలైనట్టు. నా నమాజు తివాచీలో అక్కడ కొమ్మలు బారెడు విచ్చుకున్నాయి. రెండో కొసకు వచ్చేసరికి పడుగు చాలలేదు కాబోలు, పైవరస ఆకులు రెండింటినీ సగానికి కుదించేసిందా నేతగత్తె.