మేడ్చల్ నుంచి ఘట్‌కేసర్‌కు కారులో: ఎక్కడం, దిగడం దగ్గరే అసలు లెక్క

మేడ్చల్ హైదరాబాద్‌కు ఉత్తరాన, నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఘట్‌కేసర్ తూర్పున, వరంగల్ వెళ్లే 163వ నంబరు రహదారి మీద ఉంది. రెండూ శివారు పట్టణాలే, రెండూ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోవే. మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి "అరగంటలో వచ్చేస్తా" అని ఫోన్లో చెప్పేసి గంట తర్వాత చేరేవాళ్లే ఎక్కువ. ఔటర్ మీద నడిచే 32 కిలోమీటర్లకు పట్టేది ఇరవై నిమిషాల పైచిలుకే. మిగతా సమయమంతా ఔటర్ ఎక్కడానికి, దిగడానికే పోతుంది. ప్లాన్ వేయాల్సింది ఆ రెండు కొసలకే.

మూడు దారులు, అందులో నిజంగా ఒక్కటే

ఊళ్లోంచి వెళ్లే దారి కొంపల్లి, సుచిత్ర, అల్వాల్, ఈసీఐఎల్, నాగారం, రాంపల్లి, యామ్నంపేట మీదుగా ఘట్‌కేసర్ చేరుతుంది. దూరం 40 కిలోమీటర్లు దాటుతుంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఈ దారిలో రెండు గంటలు పట్టినా ఆశ్చర్యపడక్కర్లేదు. మధ్యలో ఈసీఐఎల్‌లో పని ఉంటే తప్ప ఇది దండగ.

రెండోది శామీర్‌పేట, కీసర మీదుగా ఊళ్ల రోడ్లు, లేదా ఔటర్‌కు ఇరువైపులా ఉన్న సర్వీసు రోడ్డు. బండి మీద వెళ్లేవాళ్లకు ఇదే గతి, ఎందుకంటే ఔటర్ ప్రధాన రోడ్డు మీదకు టూవీలర్లను, ఆటోలను రానివ్వరు. సర్వీసు రోడ్డు అంతటా ఒకే తీరున ఉండదు. కొన్నిచోట్ల నున్నగా, కొన్నిచోట్ల గుంతలుగా ఉంటుంది, ఎదురు నుంచి రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వస్తుంది. కోతల కాలంలో రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. వాన పడితే అండర్‌పాస్‌లలో నీళ్లు నిలుస్తాయి, లోతు తెలియనప్పుడు కారు దింపొద్దు.

కారుకు మూడోదే సరైంది. 6వ ఎగ్జిట్ మేడ్చల్ దగ్గర ఎక్కి, 7వది శామీర్‌పేట, 8వది కీసర దాటి, 9వది ఘట్‌కేసర్ దగ్గర దిగడం. మధ్యలో ఒక్క సిగ్నల్ లేదు.

సమయం ఇలా వేసుకోండి

మేడ్చల్ ఊళ్లో ఇంటి నుంచి ఔటర్ దాకా 10 నుంచి 20 నిమిషాలు. టోల్ దగ్గర రెండు మూడు నిమిషాలు. ఔటర్ మీద 90 వేగంతో 32 కిలోమీటర్లకు 21, 22 నిమిషాలు. దిగాక ఘట్‌కేసర్‌లో వెళ్లాల్సిన వీధికి 10, 15 నిమిషాలు. కలిపితే ముప్పావు గంట నుంచి గంట. అక్కడ టైముకు ఉండి తీరాల్సిన పని అయితే గంటంబావు పెట్టుకోండి.

వేగం పెంచి ఈ లెక్కను తగ్గిద్దామనుకుంటారు. 90కి బదులు 110తో వెళితే మిగిలేది నాలుగు నిమిషాలు. దిగగానే జంక్షన్‌లో ఒక లారీ అడ్డంగా తిరిగితే ఆ నాలుగూ అక్కడే ఖర్చవుతాయి.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి

ఫాస్టాగ్ బ్యాలెన్స్ రాత్రే చూసుకోండి. టోల్ గేటు ముందు వరుసలో నిలబడి రీఛార్జ్ చేసే అలవాటు ఇప్పుడు పనికిరాకపోవచ్చు. బ్యాలెన్స్ లేక ఆపేసిన ట్యాగ్ (బ్లాక్‌లిస్టు అంటారు) రీఛార్జ్‌తో బయటపడ్డ సంగతి గేటు దగ్గరి మిషన్‌కు చేరడానికి టైము పడుతుంది. 2025 ఫిబ్రవరి 17 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, గేటు మిషన్ చదవడానికి ముందు 60 నిమిషాలకు పైగా ట్యాగ్ బ్లాక్‌లిస్టులోనే ఉండి, చదివాక 10 నిమిషాలకు కూడా అలాగే ఉంటే చెల్లింపు తిరస్కరించవచ్చు. జాతీయ రహదారుల సంస్థ తన గేట్ల దగ్గర దీనితో ఇబ్బంది లేదంది గానీ, ఔటర్ రాష్ట్రానికి చెందిన రోడ్డు. బయలుదేరే ముందు కనీసం గంట గడువు ఉంచుకుంటే ఏ గొడవా ఉండదు.

ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉన్నవాళ్లు ఔటర్ కూడా అందులోనే అనుకుంటారు. కాదు. 2025 ఆగస్టు 15న మొదలైన ఆ పాస్ జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల టోల్ గేట్లకే చెల్లుతుంది. ఔటర్ మీద మామూలు ఫాస్టాగ్ ఖాతాలోంచే డబ్బు కట్ అవుతుంది. పాస్ ఉందన్న ధీమాతో బ్యాలెన్స్ సున్నా పెట్టుకుని వచ్చేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు.

ఔటర్‌లో టోల్ తిరిగిన దూరాన్ని బట్టి పడుతుంది, ఎక్కినచోటు నుంచి దిగినచోటు దాకా. 2025 ఏప్రిల్ 1న కారుకు కిలోమీటరుకు 2.44 రూపాయలు చేశారు. ఆ రేటున ఈ ప్రయాణానికి ఒక వైపు దాదాపు 80 రూపాయలన్నమాట. ఏటా ఏప్రిల్‌లో రేటు మారుతుంది, కాబట్టి రానుపోనుకు ఖాతాలో 250 రూపాయలైనా ఉంచండి. ఎక్కేటప్పుడు మిషన్ ట్యాగ్‌ను చదివిందో లేదో చూడండి. చదవకుండానే గేటు ఎత్తేస్తే, దిగేచోట ఎక్కడ ఎక్కారో తేలక వాదన మొదలవుతుంది. చీటీ ఇస్తే డ్యాష్‌బోర్డు మీద పడేయకుండా జేబులో పెట్టుకోండి.

టైర్లలో గాలి పొద్దున, బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ చెబుతుంది. అందులో ఇద్దరికి ఒక అంకె, నిండుగా ఐదుగురికి ఇంకో అంకె ఉంటాయి. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటుంటే రెండో అంకె పాటించండి. వేసవిలో నడిచి వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ చూపిస్తుందని గాలి తీసేయొద్దు, చల్లారాక అది తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగుతూ వేడెక్కుతుంది. మే నెలలో ఔటర్ మీద టైరు పగలడానికి సాధారణంగా ఇదే కారణం. టైరు వయసు కూడా చూడండి. పక్కన గుడ్డు ఆకారంలో నాలుగంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటితే గాడి బాగున్నా నమ్మొద్దు. స్టెప్నీలో గాలి చూసేవాళ్లు తక్కువ. చూడండి.

పెట్రోలు మేడ్చల్‌లోనే పోయించుకోండి. లీటరుకు 15 ఇచ్చే కారైతే రానుపోను 80 కిలోమీటర్లకు ఐదున్నర లీటర్లు కావాలి. ఔటర్ మీద బంకు దొరుకుతుందిలే అన్న లెక్క పెట్టుకోవద్దు.

మ్యాప్‌లో రెండు సెట్టింగులు చూడండి. "టోల్ రోడ్లు వద్దు" అన్నది ఆన్‌లో ఉంటే అది మిమ్మల్ని ఈసీఐఎల్ వైపు తిప్పుతుంది. వాహనం టూవీలర్ అని ఉంటే సర్వీసు రోడ్డు చూపిస్తుంది. ఘట్‌కేసర్ అని మాత్రమే కొడితే ఊరి మధ్యలో ఎక్కడో ఆగుతుంది. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం ఊళ్లోంచే వెళ్తుంది కాబట్టి, వెళ్లాల్సిన ఇల్లు పట్టాలకు ఏ పక్కన ఉందో ముందే అడిగి తెలుసుకోండి. తెలియకుండా వెళ్తే పట్టాలు దాటే దారి వెతుక్కోవాల్సిన వంతు మీదే.

ఎక్కేచోట

మేడ్చల్ ఎగ్జిట్ అన్నా, అది ఊరి మధ్యలో లేదు. హైదరాబాద్ వైపు కొంత దూరం వచ్చాక కండ్లకోయ దగ్గర ఉంటుంది. 44వ నంబరు రహదారి మీద లారీలు, కాలేజీ బస్సులు కలిసే చోటు ఇది. పొద్దున ఎనిమిదీ తొమ్మిది మధ్య కాలేజీ బస్సులే ఎక్కువ.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు దిక్కు మారడం. ఔటర్ మీదికి రెండు దారులు ఉంటాయి. ఒకటి పటాన్‌చెరు వైపు, ఇంకోటి శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు. వరుసలో ముందున్న కారు ఎటు వెళ్తే అటు వెళ్లడం ఇక్కడ బాగా జరుగుతుంది. ఒక గుర్తు పెట్టుకోండి: సరైన దిక్కులో ఉంటే నగరం మీ కుడి చేతి వైపు ఉంటుంది, ఎగ్జిట్ అంకెలు 7, 8, 9 అని పెరుగుతాయి. 5 అని దుండిగల్ బోర్డు కనిపిస్తే తప్పు దారిలో ఉన్నట్టు. అప్పుడు దుండిగల్ దాకా వెళ్లి దిగి, అటువైపు ఎక్కి రావాల్సిందే. వెనక్కి రివర్స్ చేయడం, డివైడర్ దగ్గర సందు వెతకడం చావును పిలవడమే. 

ఔటర్ మీద

ఒక వైపు నాలుగు లైన్లు. 2023లో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు. 40కి లోపు నడిచే బండ్లకు ప్రవేశం లేదు. డివైడర్ పక్క రెండు లైన్లు వేగంగా వెళ్లేవాళ్లవి, ఎడమ చివరిది లారీలది. 90 దగ్గర నడిపేవారు ఎడమ నుంచి రెండో లైను పట్టుకోండి. రాత్రిపూట ఎడమ చివరి లైనును వదిలేయండి. వెనక లైటు వెలగని లారీ పక్కన ఆగి ఉండి, సగం లైనులోకి చొచ్చుకు వచ్చి ఉంటుంది. అది కనిపించేసరికి బ్రేకుకు దూరం మిగలదు. 100 వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు వెళ్తుంది. ముందు బండికి మూడు సెకన్ల దూరం, అంటే 80 మీటర్ల పైన ఉంచాలి. వాన పడితే ఆ దూరం రెట్టింపు చేసి, వేగం 70కి దించండి. అరిగిన టైరు నీటి పొర మీద తేలితే స్టీరింగ్ చేతికి తేలికైపోతుంది. అలా అనిపించగానే బ్రేకు నొక్కొద్దు, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగ్ తిప్పకుండా నేరుగా పట్టుకోండి.

పొద్దున ఏడు నుంచి తొమ్మిదిలోపు వెళ్తే శామీర్‌పేట దాకా రోడ్డు తూర్పుకు ఉంటుంది, సూర్యుడు నేరుగా కళ్లలో కొడతాడు. అద్దం లోపలి వైపు రాత్రే తుడవండి, లోపలి మురికే వెలుగును ఎక్కువ చెదరగొడుతుంది. కీసర దాటాక రోడ్డు దక్షిణానికి మళ్లుతుంది, సూర్యుడు ఎడమకు వెళ్తాడు.

బండి చెడిపోతే ఎడమ అంచుకు తెచ్చి, నాలుగు లైట్లు వేసి, ముక్కోణపు బోర్డును 50 మీటర్లకు తగ్గకుండా వెనక పెట్టండి. అందరినీ దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. కారులోనే కూర్చుని మెకానిక్ కోసం చూడొద్దు. అంచున ఉండే కిలోమీటరు అంకె చూసి 112కు చెబితే చోటు దొరకడం తేలిక.

దిగేచోట

కీసర దాటగానే ఎడమకు రావడం మొదలుపెట్టండి. ఎగ్జిట్ బోర్డు రెండు కిలోమీటర్ల ముందే కనిపిస్తుంది. చివరి ఐదొందల మీటర్లలో కుడి లైను నుంచి నాలుగు లైన్లు అడ్డంగా కోసేవారు వెనక లారీ డ్రైవర్ పని కష్టం చేస్తారు. తప్పిపోతే 10వది తారామతిపేట దగ్గర దిగి తిరిగి రండి, పోయేది కాస్త టోలు, కొన్ని నిమిషాలే.

దిగాక 163వ నంబరు రహదారి వస్తుంది. ఒక పక్క అన్నోజిగూడ, పోచారం, ఉప్పల్. రెండో పక్క బీబీనగర్, యాదగిరిగుట్ట, వరంగల్. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది కాబట్టి ఆఫీసు టైములో ఆ వైపు రద్దీ. దారి తప్పి బీబీనగర్ వైపు దూరం పోతే గూడూరు టోల్ గేటు దగ్గర ఇంకో కోత పడుతుంది.

కొన్ని రోజులు ఈ ప్రయాణానికి కలిసి రావు. మహాశివరాత్రికి కీసరగుట్ట జాతర ఉంటుంది, 8వ ఎగ్జిట్ దగ్గర బండ్లు వరుస కట్టి ఆ వరుస ఔటర్ ఎడమ లైనులోకి రావచ్చు. ఆదివారాలు, సెలవు రోజుల్లో యాదగిరిగుట్ట వెళ్లేవాళ్లతో ఘట్‌కేసర్ దగ్గర వరంగల్ రోడ్డు నిండుతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర ముందు రోజుల్లో ఇది ఇంకా ఎక్కువ. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న దగ్గరికి వెళ్లే వాహనాలు శామీర్‌పేట దగ్గర కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారిని నింపుతాయి. మీరు ఔటర్ మీదే ఉంటారు కాబట్టి వీటిలో ఒక్క శివరాత్రికే ఔటర్ మీద కూడా జాగ్రత్త అవసరం, యాదగిరిగుట్ట, మేడారం రద్దీకి దిగేచోట పావుగంట అదనంగా పెట్టుకుంటే చాలు.

తిరుగు ప్రయాణంలో అంకెలు 9, 8, 7, 6 అని తగ్గుతాయి, నగరం ఎడమకు వస్తుంది. సాయంత్రం ఐదు తర్వాత బయలుదేరితే శామీర్‌పేట దాటాక సూర్యుడు మళ్లీ ఎదురు. కండ్లకోయలో దిగేసరికి ఆఫీసుల నుంచి మేడ్చల్ వైపు వచ్చే రద్దీ సరిగ్గా తగులుతుంది. పని నాలుగున్నరలోపు ముగించుకోగలిగితే ముగించండి, లేదంటే ఎనిమిదిన్నర దాకా ఘట్‌కేసర్‌లోనే ఉండి బయలుదేరండి. ఇంటికి చేరాక ఫాస్టాగ్ మెసేజ్ చూడండి. ఒక వైపుకు 80 చుట్టూ పడాల్సింది రెండొందలు పడితే, ఎక్కిన చోటును మిషన్ తప్పుగా తీసుకుందని అర్థం. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు ఆ మెసేజ్, తేదీ, సమయం పెట్టి ఫిర్యాదు ఇవ్వండి.