ముందు పిన్‌కోడ్ అడగండి

ఆన్‌లైన్‌లో పచ్చళ్లో చీరలో అమ్మేవారు చిరునామా ఫారంలో పిన్‌కోడ్‌ను అన్నిటికంటే ముందు అడగాలి. ఆరు అంకెలు పడగానే జిల్లా, రాష్ట్రం వాటంతటవే నిండాలి. పొడవాటి జాబితాలో తెలంగాణ కోసం వెతికించడం కొనేవారికి శిక్షే. 500 081 అని మధ్యలో ఖాళీ వదిలి కొట్టినా తప్పని ఎర్రగీత చూపకుండా, ఆ ఖాళీని సైటే తీసేసుకోవాలి.

నింపిన జిల్లాను మార్చుకునే వీలు మాత్రం ఉంచండి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కొన్ని జాబితాల్లో ఇంకా పాత పేర్లే ఉంటాయి. ఊరి పేరునైతే అసలు నింపేయకండి. పల్లెల్లో ఒకే పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లుంటాయి. ‘రామాలయం ఎదురుగా’ లాంటి గుర్తుకు విడిగా ఒక గడి ఇవ్వండి. ఆ పిన్‌కోడ్‌కు సరుకు పంపలేకపోతే ఆ సంగతి వస్తువు పేజీలోనే చెప్పేయండి, డబ్బు కట్టే దగ్గర కాదు.