లోహాన్ని పట్టే సూక్ష్మజీవులు, 3వ పాఠం: అంటుకుందా, మారిందా?

పోయిన పాఠంలో బేకరీ ఈస్టును కడిగి, నీడన ఆరబెట్టి, తూచి పెట్టుకున్నాం. ఈసారి దాన్ని సిల్వర్ నైట్రేట్ (వెండి లవణం) ద్రావణంలో వేద్దాం.

ముందు నీళ్ల సంగతి. నెల్లూరులో నేను మొదటిసారి ఇది చేసినప్పుడు బోరు నీళ్లు వాడాను. మాకు సముద్రం దగ్గర, మా బోరులో ఉప్పు తగులుతుంది. సిల్వర్ నైట్రేట్ వేయగానే నీళ్లు పాలలా విరిగాయి. ఉప్పులోని క్లోరైడు వెండిని సిల్వర్ క్లోరైడుగా అడుక్కి దించేసింది. అది తెలియక, తేరిన నీళ్లను పరీక్ష చేయించి, వెండంతా ఈస్టే లాగేసిందని రెండు రోజులు సంబరపడ్డాను. అందుకే డిస్టిల్డ్ వాటరే వాడండి. ఈస్టు వేయని సీసా ఒకటి తప్పకుండా పక్కన పెట్టండి. రెండింటికీ నల్ల కాగితం చుట్టండి, వెలుతురుకు ద్రావణం నల్లబడుతుంది. గ్లౌజులు మర్చిపోవద్దు.

ఇక లెక్క. ద్రావణం 100 మి.లీ., ఈస్టు 0.2 గ్రాములు. మొదట లీటరుకు 50 మి.గ్రా. వెండి ఉంది. చివరికి ఈస్టు సీసాలో 20, ఈస్టు లేని సీసాలో 48 మిగిలాయనుకుందాం. ఈస్టు లాగింది 50లోంచి కాదు, 48లోంచి. తేడా 28. 100 మి.లీ.కి 2.8 మి.గ్రా. దాన్ని 0.2తో భాగిస్తే, గ్రాము ఈస్టుకు 14 మి.గ్రా.

ఈ 14 మి.గ్రా. అంటుకున్నదా, మారినదా? చాలామంది తడబడేది ఇక్కడే. ఈస్టు కణం గోడ మీది కార్బాక్సిల్, ఫాస్ఫేట్ అనే పరమాణువుల గుంపులకు రుణావేశం, వెండి అయానుకు (ద్రావణంలో కరిగి ఉన్న వెండికి) ధనావేశం. అందుకే అతుక్కుంటుంది. దానికి ప్రాణం అక్కర్లేదు, మరిగించి చంపిన ఈస్టు కూడా పట్టుకుంటుంది. మారడమంటే అయాను ఎలక్ట్రాన్లు అందుకుని అసలు లోహమైపోవడం. బంగారంలో ఇది కంటికే తెలుస్తుంది: పసుపు పచ్చని ద్రావణం నానో రేణువులుగా మారితే ఎర్రగానో, నేరేడు పండు రంగులోనో కనిపిస్తుంది.

కుప్రియావిడస్ మెటాలిడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియాకు కరిగిన బంగారం విషం. దాన్ని లోహంగా మార్చేసి బతుకుతుంది. డెల్ఫ్టియా అసిడోవోరాన్స్ ఇంకో దారి పట్టింది, డెల్ఫ్టిబాక్టిన్ అనే పదార్థాన్ని బయటికి వదిలి బంగారాన్ని ఒంటికి తగలకముందే గడ్డ కట్టిస్తుంది. 2013లో వెలువడిన ఈ సంగతి నాకెంతో ఇష్టం.

ఈ వారం మూడు సీసాలు పెట్టండి: మామూలు ఈస్టు, మరిగించిన ఈస్టు, ఏమీ వేయనిది. మూడు అంకెలూ రాసుకోండి. మిగిలిన ద్రావణాన్ని మాత్రం కాలువలో పారబోయకండి. చిటికెడు ఉప్పు వేస్తే అదే తెల్ల మడ్డి దిగుతుంది. వడకట్టి, నల్ల సీసాలో దాచండి. ఆ వెండి వచ్చే పాఠంలో మళ్లీ కావాలి.