ముందుగా స్టెప్నీని కారు కిందకి తోయండి

హైవే మీద టైరు మారుస్తుంటే, లారీ దూసుకెళ్లిన ప్రతిసారీ జాకీ మీదున్న కారు ఊగుతుంది. మొన్న సూర్యాపేట దాటాక నాకదే టెన్షన్.

నాలుగు ఇండికేటర్లూ వేసి, రిఫ్లెక్టర్ త్రికోణం 50 మీటర్లు వెనక పెట్టాను. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం. నట్లు మాత్రం చక్రం నేల మీదుండగానే అరచుట్టు వదులు చేయాలి. జాకీ ఎత్తగానే స్టెప్నీని దాని పక్కన, నేల మీద పడుకోబెట్టి కారు కిందకి తోయండి. జాకీ జారినా బండి టైరు మీద ఆగుతుంది. పాత టైరు ఊడాక దాన్ని లోపలికి తోసి, స్టెప్నీ బయటికి లాగాలి. మోకాళ్ల కింద ఫ్లోర్ మ్యాట్ వేసుకుంటే కంకర గుచ్చుకోదు.

మెత్తటి మట్టిలో, వాలులో ఇది పనిచేయదు. కుడివైపు టైరై, పక్కన చోటు లేకపోయినా అంతే. జాతీయ రహదారైతే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, రెయిలింగ్ అవతల నిలబడండి.