రిసోర్స్ యూఆర్‌ఎల్‌లో క్లాస్ పేరు దాచి లైవ్‌కు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఈమధ్య ఒక టీమ్‌కు వచ్చిన సెక్యూరిటీ ఆడిట్ రిపోర్టులు చూశాను. మొదటి రౌండ్‌లో, రిసోర్స్ యూఆర్‌ఎల్‌లలో (స్టైల్‌షీట్, ఫాంట్ లాంటి ఫైళ్ల అడ్రస్‌లలో) ఇంటర్నల్ క్లాస్ పేర్లు (లోపలి జావా కోడ్ భాగాల పేర్లు) కనిపిస్తున్నాయని 'లో' (తక్కువ ప్రమాదం) కింద రాశారు. వాళ్లు పేర్లకు అలియాస్‌లు (మారుపేర్లు) పెట్టి టికెట్ మూసేశారు. రెండో రౌండ్‌లో అక్కడే 'హై' (ఎక్కువ ప్రమాదం) వచ్చింది. పాత యూఆర్‌ఎల్ కొడితే ఫైల్ ఇంకా వస్తోంది. స్టైల్‌షీట్ పేరు తీసి ప్రాపర్టీస్ ఫైల్ (సెట్టింగులుండే ఫైల్) పేరు పెడితే డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా వచ్చింది. ఎప్పుడో ఫాంట్ లోడ్ కావట్లేదని ఎవరో గార్డ్‌లో (ఏ ఫైళ్లు బయటకు ఇవ్వొచ్చో తేల్చే కోడ్‌లో) అన్ని ఎక్స్‌టెన్షన్లనూ వదిలేశారట.

ప్యాచ్‌లు, హెచ్‌టీటీపీఎస్ సంగతి మీకు తెలిసిందే. నా గోల ఒక్కటే: పేరు దాచినంత మాత్రాన దారి మూసుకోదు.

జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ అపాచీ వికెట్‌నే తీసుకోండి. ప్యాకేజీలో పెట్టిన ఫైల్‌కు అది 'వికెట్/రిసోర్స్/' తర్వాత పూర్తి క్లాస్ పేరు, ఆ తర్వాత ఫైల్ పేరు వేసి యూఆర్‌ఎల్ తయారుచేస్తుంది. రిసోర్స్‌ను వేరే పాత్‌కు మౌంట్ చేస్తే (వేరే అడ్రస్ ఇస్తే) పేజీలో కొత్త యూఆర్‌ఎల్ కనిపిస్తుంది గానీ పాతదాన్ని అర్థం చేసుకునే మ్యాపర్ లోపల అలాగే ఉంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

అసలు ప్రమాదం ఎంతదో మరో జావా ఫ్రేమ్‌వర్క్ టాపెస్ట్రీలో చూశాం. 2019లో బయటపడ్డ లోపంలో, అసెట్ (రిసోర్స్) యూఆర్‌ఎల్‌ను మార్చి క్లాస్‌పాత్‌లోని (యాప్ కోడ్, సెట్టింగులు ఉండే చోటి) ఫైల్‌ను దించుకునే వీలుండేది. యాప్ సెట్టింగులుండే యాప్‌మాడ్యూల్ క్లాస్ ఫైల్ చిక్కితే అందులోని హెచ్‌మ్యాక్ (డేటా మీద వేసే సంతకం) రహస్య పదబంధంతో డీసీరియలైజేషన్ దాడి (నకిలీ డేటా పంపి సర్వర్‌ను మోసగించే దాడి) చేయొచ్చు. క్లాస్ ఫైళ్లను బ్లాక్ చేశారు. 2021లో యూఆర్‌ఎల్ చివర ఒక్క స్లాష్ తగిలించి ఆ బ్లాక్‌ను దాటొచ్చని తేలింది. అందుకే వద్దన్నవాటి జాబితా చాలదు. కావాల్సిన ఎక్స్‌టెన్షన్లు మాత్రమే రాసుకోండి, మిగతావన్నీ ఆపండి.

అలియాస్ విషయానికొస్తే, క్లాస్ పేరును బేస్64 చేయడం (ఎవరైనా తిరిగి చదవగలిగే మరో రూపంలో రాయడం) దాచడం కాదు. ఎండీ5 హ్యాష్ (పేరు నుంచి లెక్కకట్టే కోడ్) కూడా అంతే. ఓపెన్ సోర్స్ లైబ్రరీల క్లాస్ పేర్లు అందరికీ తెలుసు, వాటన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చడానికి ఎంతసేపు? సర్వర్ లేచిన ప్రతిసారీ రాండమ్ పేరు ఇవ్వకండి. రెండు నోడ్‌లుంటే (ఒకే యాప్ రెండు సర్వర్ల మీద నడుస్తుంటే) ఒకటి ఇచ్చిన యూఆర్‌ఎల్ రెండోదానికి తెలియదు, పేజీ స్టైల్ లేకుండా వస్తుంది. అలియాస్ నుంచి క్లాస్‌కు ఒక స్థిరమైన మ్యాప్ రాసుకోండి, అందులో లేనిదానికి 404 (దొరకలేదు).

ఇక లైవ్‌కు ముందు రోజు:

యూఆర్‌ఎల్‌లో వచ్చిన పేరుతో నేరుగా క్లాస్ లోడ్ చేసే కోడ్ ఉంటే తీసేయండి. ఆ క్లాస్ స్టాటిక్ బ్లాక్ (అడగకుండానే నడిచే కోడ్) నడిచే ప్రమాదం ఉంది.

లేని క్లాస్‌కు 404, ఉన్న క్లాస్‌కు 403 (అనుమతి లేదు) ఇవ్వకండి. ఆ తేడా చాలు, ఏది ఉందో ఊహించడానికి.

డెవలప్‌మెంట్ మోడ్ ఆపండి.

సోర్స్ మ్యాప్‌లు (అసలు కోడ్‌ను చూపే ఫైళ్లు), ఎర్రర్ పేజీలో స్టాక్ ట్రేస్ (తప్పు ఎక్కడ జరిగిందో చూపే క్లాస్ పేర్ల వరస), జేసన్‌లో (సర్వర్ పంపే డేటాలో) క్లాస్ పేరు మోసే ఫీల్డ్. మూడూ వెతకండి. యూఆర్‌ఎల్‌లో దాచిన పేరు వీటిలో దొరికితే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈమెయిల్ టెంప్లేట్లలో, ప్రింట్ స్టైల్‌షీట్లలో పాత యూఆర్‌ఎల్‌లు మిగిలాయేమో చూడండి.

సీడీఎన్ (మీ ఫైళ్ల నకళ్లు ఇచ్చే మధ్య సర్వర్లు) క్యాష్ ఖాళీ చేయండి. మీరు మూసినా అది పాత ఫైల్ ఇస్తూనే ఉంటుంది.

మళ్లీ చెబుతున్నా, పేరు దాచినంత మాత్రాన దారి మూసుకోదు. బ్రౌజర్‌లో పేజీ చూసి సరే అనుకోకండి. లాగిన్ లేకుండా, కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి యూఆర్‌ఎల్ అడిగే టూల్‌తో), పాత యూఆర్‌ఎల్ కొట్టండి. ఫైల్ పేరు బదులు క్లాస్ ఫైల్, ప్రాపర్టీస్ ఫైల్ పేర్లు పెట్టి కొట్టండి. చివర స్లాష్ పెట్టి కొట్టండి. ఒక్కదానికి 200 (ఫైల్ ఇచ్చాననే జవాబు) వచ్చినా రిలీజ్ ఆపండి.